మూడో ముక్క

కాకుమాను చేలల్లో నాట్లప్పుడు ఆడవాళ్లు పాడే పాటొకటి ముప్పై ఏళ్ల కిందట నోటుపుస్తకంలో రాసుకున్నాను. రేడియోలో జానపద గీతాల కార్యక్రమానికి కాలేజీ ఆడపిల్లల చేత పాడించాలని నా ఆశ. పాట బాగుంది, వరస ఇంకా బాగుంది. మూడో ముక్కలో మాత్రం ఒక పచ్చి మాట ఉంది. ఇంటిల్లిపాదీ వినే రేడియోలో అదెట్లా పాడిస్తాం? మాట ఒక్కటే తీస్తే తాళం కుంటుతోందని ముక్కంతా కొట్టేశాను. పాటకి మేలు చేశాననే అనుకున్నాను.

పాట రేడియోలో వచ్చిన రోజు, అది నాకు చెప్పిన మామ్మ మా అరుగు మీద కూర్చునే వింది. ముఠాలో ముందుండి మునుం పట్టే మనిషి ఆవిడ. అయిపోయాక, "మూడో ముక్క ఏదబ్బాయ్?" అంది.

"బూతు గదా మామ్మా, రేడియోలో ఎట్లా?"

"బూతు మా మాటలో లేదయ్యా. గట్టు మీద గొడుగేసుకుని నిలబడ్డోడి చూపులో ఉంది. మేం దాని పేరు చెప్పాం, అంతే."

నాకు జవాబు దొరకలేదు. ఆ వారమే చేలో నిలబడి చూశాను. ఒకామె ఎత్తుకుంటే మిగతావాళ్లు వంత పాడుతూ, వెనక్కి వెనక్కి అడుగేస్తూ నాటుకుంటూ పోతున్నారు. సరిగ్గా ఆ మాట దగ్గర అందరూ ఒక్కసారి నవ్వి, నడుం మీద చెయ్యేసుకుని నిటారుగా లేచారు. రెండు క్షణాలు. మళ్లీ వంగారు. పొద్దున్నుంచీ వంగి ఉన్న నడుములకి ఆ పాటలో విశ్రాంతి ఉన్నది అక్కడే. కూలి గింజలు తక్కువ కొలిచే కుంచం సంగతి కూడా ఆ ముక్కలోనే ఉంది. నేను మాట కోసం కత్తెర పడితే కూలి గొడవ కూడా తెగిపోయింది.

తర్వాతెప్పుడో ముద్దుపళని కథ చదివినప్పుడు మామ్మే గుర్తొచ్చింది. తంజావూరు ప్రతాపసింహుడి కొలువులోని ఆ కవయిత్రి 'రాధికా సాంత్వనం' రాస్తే, 1887 నాటి అచ్చులో కొన్ని పద్యాలు తీసేశారు. పద్యాలతో పాటు పీఠికా ఎగిరిపోయింది. ఆవిడ తన వంశాన్ని ఆడవాళ్ల వరసలో చెప్పుకున్నది ఆ పీఠికలోనే! అందులో శృంగారమేముంది, తీసెయ్యడానికి? గాయని బెంగుళూరు నాగరత్నమ్మ అసలు ప్రతి సంపాదించి, 1910లో వావిళ్లవారి చేత పూర్తి పాఠం వేయించింది. మరుసటేడే పోలీసులు ప్రతులు పట్టుకున్నారు, పుస్తకం నిషేధంలో పడింది. 1947లో టంగుటూరి ప్రకాశం నిషేధం ఎత్తేయించేదాకా అది చీకట్లోనే ఉంది. నాగరత్నమ్మ పేరు తలుచుకుంటే నాకిప్పటికీ చేతులు జోడించాలనిపిస్తుంది.

ఇప్పుడు సినిమా పాటకీ రెండు రూపాలుంటున్నాయి. థియేటర్లో మాట మారినా, ఫోన్లో పాతది మోగుతూనే ఉంటుంది. కావాలన్నవాడికి అసలుది దొరుకుతుంది. మామ్మ పాటకి ఆ భాగ్యం లేదు. మావైపు చాలాచోట్ల వడ్లు వెదజల్లేస్తున్నారు, నాట్లే తగ్గిపోయాయి. మామ్మా లేదు.

నోటుపుస్తకం ఉంది. మూడో ముక్క మీద నా నీలం సిరా గీతలు దట్టంగా ఉన్నాయి. పచ్చి మాట నాకు గుర్తే. కుంచం పక్కనున్న మాట మాత్రం, కాగితాన్ని ఎంత వెలుగులో పట్టి చూసినా కనబడటం లేదు.