రాసిన తరువాతే లైన్ క్లియర్

మా బాల్యమంతా బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో గడిచింది. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుంచి తెలుగు కుటుంబాలు నివసిస్తున్న ఊరది. 2003లో ఆగ్నేయ మధ్య రైల్వేకు ప్రధాన కేంద్రమైంది. మా చిన్ననాడు మధ్యప్రదేశ్‌లోని ఒక పెద్ద జంక్షన్.

నాన్నగారు అసిస్టెంట్ స్టేషన్ మాస్టరు. అవతలి స్టేషను లైన్ క్లియర్ ఇచ్చి ప్రైవేట్ నంబరు చెప్పగానే రిజిస్టరులో రాసేవారు. ఆ తరువాతే బండికి సిగ్నల్. "గుర్తుంది కదా, తరువాత రాసుకోవచ్చుగా?" అని ఒకసారి అడిగాము. "బండి నా జ్ఞాపకాన్ని నమ్మి నడవదురా, పుస్తకాన్ని నమ్మి నడుస్తుంది" అన్నారు.

ఆ మాట మాకు బోధపడినది 1997లో. యూనిక్స్ యంత్రంపై, ఓవర్‌టైము లెక్కించే ప్రోగ్రామును సీ భాషలో రాస్తున్నాము. షిఫ్టు అర్ధరాత్రి దాటితే గంటలు తప్పుగా వస్తున్నాయి. వీఐ ఎడిటరులో ఒక పంక్తి సవరించి, పక్క టెర్మినల్‌లో 'మేక్' ఆజ్ఞ ఇచ్చాము. ప్రోగ్రాము తాజాగానే ఉన్నదని సందేశం వచ్చింది. శుభసూచకమనుకున్నాము. ఫలితం మాత్రం పాతదే! సరియైన పంక్తిని అనుమానించి చెరిపివేశాము, తిరిగి రాశాము. చివరకు, "తప్పు నీ భాగంలోనే ఉంది" అని మాతో పనిచేస్తున్న కుర్ర ఇంజనీరును అందరి ఎదుట కోప్పడ్డాము.

గంట తరువాత అతడే మెల్లగా అడిగాడు: "సార్, ఫైలు సేవ్ చేశారా?"

చేయలేదు. తెరపై కనిపించినది ఎడిటరు జ్ఞాపకంలోనిది. 'మేక్' చూసేది డిస్కులోని ఫైలు తేదీ, సమయాలను. అక్కడ మార్పు లేదు గనుక అది నిజమే చెప్పింది. మేమే అపార్థం చేసుకున్నాము.

నేటి యువకులకు ఈ తిప్పలు తక్కువ. విమ్‌లో 'ఆటోరైట్' పెట్టుకుంటే, లోపలి నుంచి 'మేక్' అనగానే ఫైలు ముందుగా డిస్కుకు చేరుతుంది. ఈమాక్స్ "సేవ్ చేయమంటారా?" అని అడుగుతుంది, అడగకుండానే చేసేటట్లు కూడా అమర్చుకోవచ్చు. విజువల్ స్టూడియో కోడ్ బిల్డ్ పనికి ముందు తానే సేవ్ చేస్తుంది. అయితే సగం ఆలోచించిన మార్పు కూడా అలాగే డిస్కుకెక్కుతుంది. కనుక పాత ప్రతులను గిట్‌లో భద్రపరచుకోవడం మేలు.

ఆనాడు ఆ యువకునితో "సరేలే" అన్నామే తప్ప క్షమించమనలేదు. కొద్దికాలానికే అతనికి బదిలీ అయింది. మనసులో ఉన్నంత మాత్రాన మాట అవతలివారికి చేరదు కదా! అందుకే ఈ పత్రికాముఖంగా రాస్తున్నాము: తప్పు మాదే, మన్నించు నాయనా.