మంచిగున్నా రావాల్సిన పరీక్ష

హైదరాబాద్‌లోని ఆ ఆస్పత్రి యూరాలజీ విభాగంలో పొద్దున్నే బెంచీలు నిండిపోయాయి. కూర్చున్నవాళ్లలో చాలామందికి ఏ బాధా లేదు. నిజామాబాద్ వైపు నుంచి రాత్రి బస్సెక్కి వచ్చిన పెద్దాయన నర్సును అదే అడుగుతున్నారు: "రక్తం పడుడు బందయింది సిస్టర్, మంచిగున్న. మళ్లా పైపెందుకు?"

జవాబు ఆయన ఫైల్లోనే ఉంది. నొప్పి లేకుండా మూత్రంలో రక్తం పడితే వచ్చారు. మూత్రాశయం లోపలి పొరలో కణితి, కండరం దాకా పాకలేదు. పొట్ట కోయకుండా మూత్రమార్గం గుండానే పరికరం పంపి తీసేశారు. అయితే ఈ రకం క్యాన్సర్ అదే చోటో, పక్కనో మళ్లీ మొలవచ్చు. ఏళ్ల తరబడి ఆయన కాల్చిన బీడీల పొగలోని విషాలను కిడ్నీలు వడకట్టి మూత్రంలోకి పంపాయి. అవి తగిలింది ఒక్క చోట కాదు, లోపలి పొరంతా.

అందుకే ఆపరేషనైన మూడు నెలలకు సిస్టోస్కోపీ, అంటే సన్నటి గొట్టం పంపి మూత్రాశయం లోపల చూసే పరీక్ష. ఈ మొదటి పరీక్షకు రాకపోవడం ప్రమాదం. ముప్పు తక్కువ రకమై, అప్పటికి లోపల శుభ్రంగా ఉంటే తర్వాతి పరీక్ష ఏడాదికి. తీవ్రమైన రకమైతే రెండేళ్లపాటు మూడు నెలలకోసారి, అయిదేళ్ల వరకు ఆరు నెలలకోసారి, ఆపైన ఏటా.

పెద్దాయన ఒప్పుకోవడంతో నన్నూ లోపలికి రానిచ్చారు. మత్తు ఇవ్వలేదు, తిమ్మిరెక్కించే జెల్లీ వేసి కాసేపు ఆగారు. పెన్సిల్ కంటే సన్నటి, వంగే గొట్టం. "ప్రోస్టేట్ దగ్గర కొంచెం పట్టినట్టుంటుంది, మూత్రం పోస్తున్నట్టు వదులుగా ఉండండి" అన్నారు డాక్టర్. సెలైన్‌తో మూత్రాశయం విచ్చుకుంది. తెరమీద లేత గులాబీ రంగు గోడ, దానిపై ఎర్రటి సన్న రక్తనాళాలు. కిడ్నీ నుంచి వచ్చే నాళం రంధ్రం ఉండుండి తెరుచుకుని మూత్రాన్ని చిమ్ముతోంది. పాత గాయం తెల్లటి మచ్చగా మానింది. ఎడమ గోడమీద మాత్రం చిన్న ఎర్రటి మరక. డాక్టర్ గొట్టాన్ని వెనక్కి తిప్పి మళ్లీ చూశారు. ముక్క తీసి పరీక్షకు పంపాలన్నారు. పెద్దాయన బస్సెక్కకుండా ఇంట్లోనే ఉండిపోతే ఆ మరకను చూసేవాళ్లే లేరు.

పక్క గదిలో, కణితి మళ్లీ మొలవకుండా ఇచ్చే బీసీజీ. పసిపిల్లలకు క్షయ రాకుండా వేసే టీకా మందే. మూత్రాశయ క్యాన్సర్‌కు దాని వాడకంపై కెనడా డాక్టర్ అల్వారో మొరాలెస్ బృందం 1976లో ఫలితాలు ప్రచురించింది. వారానికోసారి చొప్పున ఆరు వారాలు సన్నటి గొట్టంతో లోపలికి ఎక్కిస్తారు. రెండు గంటలు మూత్రం ఆపుకోవాలి. అందులోవి బతికున్న సూక్ష్మజీవులు. కాబట్టి ఆ తర్వాత ఆరు గంటలపాటు కూర్చునే మూత్రం పోయాలనీ, బ్లీచింగ్ ద్రావణం పోసి పావుగంటాగి ఫ్లష్ చేయాలనీ నర్సు ఒక రోగి కొడుక్కి రెండుసార్లు చెప్పింది.

మధ్యాహ్నం ఆ నర్సే రిజిస్టర్ ముందేసుకుని, రానివాళ్లకు ఫోన్లు మొదలుపెట్టింది. "బాబాయ్, బాగున్నారా? సంతోషం. అయినా గురువారం రండి, మూత్రపరీక్ష రిపోర్టు తెచ్చుకోండి. చార్జీలకు ఇబ్బందైతే చెప్పండి, స్కాన్ కూడా అదే రోజు పెట్టిస్తా."