రంగులకి పది మార్కులు

మా ఇంట్లో భోజనాల బల్ల మీద భోజనం చేసి నాలుగు నెలలైంది. దాని మీద ప్రస్తుతం ఒక సైన్యం విడిది చేసి ఉంది. బొటనవేలంత ఎత్తు ప్లాస్టిక్ బొమ్మలు, అన్నీ ఇనప అస్థిపంజరాలే. నెక్రాన్లంటారట. చచ్చి పడిపోయినా మళ్లీ లేచి నిలబడటం వాటి ప్రత్యేకత. మేం ముగ్గురం కంచాలు ఒళ్లో పెట్టుకుని సోఫాలో తింటున్నాం.

ఆట పేరు వార్‌హామర్ 40,000. మేముండేది ఇంగ్లండులో, లెస్టర్‌లో. ఈ బొమ్మలు చేసే గేమ్స్ వర్క్‌షాప్ వాళ్ల ముఖ్య కార్యాలయం పక్కనున్న నాటింగ్‌హామ్‌లోనే. అందుకేనేమో ఈ చుట్టుపక్కల ఈ పిచ్చి కాస్త ఎక్కువ అనిపిస్తుంది నాకు. 1987లో మొదలైన ఆటట. అంటే అప్పుడు ఆడిన కుర్రాళ్లకి ఇప్పుడు మనవలు కూడా ఉండొచ్చు. మొన్న టోర్నమెంటులో అలాంటి తాతగారొకాయన కనిపించారు కూడా.

తెనాలిలో ఉన్న మా అమ్మకి ఈ ఆట ఫోన్లో వివరించడం నా వల్ల కాలేదు. "పదిహేనేళ్లొచ్చిన మగపిల్లాడు ఇంకా బొమ్మలతో ఆడుకోవడమేంటే?" అంటుంది. పైగా మొన్న సంక్రాంతికి నేను బొమ్మల కొలువు పెడితే, కొండపల్లి దశావతారాల కింద మెట్టు మీద మావాడు తన అస్థిపంజరాల్ని రెండు వరసలు కాపలా పెట్టాడు. వీడియో కాల్లో అది చూసి, పండగపూట ఇదేం అపశకునమని అమ్మ ఫోన్ పెట్టేసింది.

అసలు సంగతి టోర్నమెంటు గురించి. మా ఊళ్లో ఒక కమ్యూనిటీ హాల్లో జరిగింది. ఇరవై నలుగురు ఆటగాళ్లు, పన్నెండు బల్లలు, ఒక్క రోజులో మూడు ఆటలు, ఒక్కో ఆటకి మూడు గంటలు. పదహారేళ్ల లోపు పిల్లలతో పెద్దవాళ్లెవరైనా ఉండాలని రూలు. మావారికి ఆ శనివారం ఆఫీసు పని పడింది. పులిహోర డబ్బా, స్వెట్టరల్లే సామగ్రి పట్టుకుని నేనే వెళ్లాను. అంతకుముందే రూల్స్ కాగితాలన్నీ ప్రింటు తీసి రెండుసార్లు చదివాను. ఎందుకు చదివానో తర్వాత చెప్తాను.

ఒక్కొక్కరికి రెండువేల పాయింట్ల బడ్జెట్. ప్రతి దళానికీ ఒక ధర ఉంటుంది. ఆ రెండువేలలోనే సైన్యం మొత్తం కూర్చుకోవాలి. ఒక పెద్ద యంత్రం కొన్నామా, మామూలు సిపాయిలకి మిగలదు. మొదటి తారీఖున నేను రాసుకునే పచారీ లిస్టు లాంటిదే. ఆ లిస్టు ఆటకి ముందే ఇచ్చెయ్యాలి, తర్వాత మార్చకూడదు. బల్ల అరవై అంగుళాలు ఇటు, నలభై నాలుగు అంగుళాలు అటు. గళ్లుండవు. ఎవరెంత దూరం నడవాలన్నా, తుపాకీ ఎంత దూరం అందాలన్నా అంగుళాల్లో కొలవాలి. నా జాకెట్ల టేపు ఎప్పుడు పోయిందో అప్పుడు తెలిసింది నాకు.

మిగతాదంతా పాచికలే, గుప్పెళ్లకొద్దీ. ఒకటి పడితే గురి తప్పినట్టే, ఆరు పడితే తగిలినట్టే, మధ్యవాటికి లెక్కలున్నాయి. పాచిక కింద పడ్డా, దేనికైనా ఆనుకుని వంకరగా నిలబడ్డా మళ్లీ వెయ్యాలి. మా అమ్మమ్మ అష్టాచెమ్మాలో గవ్వ నిలువుగా నిలబడితే పెట్టే పేచీ ఇక్కడ లేదు, కాగితం మీద ముందే రాసేశారు.

నాకు బాగా నచ్చింది మార్కులు వేసే పద్ధతి. యుద్ధం కదా, ఎక్కువమందిని చంపినవాడు గెలుస్తాడనుకున్నాను. కాదు. బల్ల మీద ఐదు చోట్ల గుండ్రటి బిళ్లలు పెడతారు. ఆబ్జెక్టివ్‌లంటారు. ఎవరి వంతు వచ్చినప్పుడు ఆ బిళ్లల దగ్గర ఎవరి మనుషులు గట్టిగా నిలబడి ఉన్నారన్నదే ముఖ్యం. దానికి గరిష్ఠంగా 50 మార్కులు. పేకముక్కల్లాంటి కార్డులు తీసి వాటిలో రాసిన చిన్న చిన్న పనులు చేస్తే 40. మొత్తం ఐదు రౌండ్లు. చివరికి సైన్యంలో ఒక్కడూ మిగలకపోయినా, అంతకుముందు నిలబడాల్సిన చోట నిలబడి ఉంటే మార్కుల మీద గెలవొచ్చు.

యాభై, నలభై కలిపితే తొంభై. మిగతా పది దేనికో తెలుసా? రంగులకి! బొమ్మలు కొన్నప్పుడు బూడిదరంగు ప్లాస్టిక్ ముక్కలు, అంతే. కత్తిరించి, అతికించి, రంగులు వేసుకోవాల్సింది మనమే. సైన్యంలో ప్రతి బొమ్మకీ ఒంటికి రంగు, కాళ్లకింద దిమ్మకి కూడా మట్టో గడ్డో ఉన్నట్టు పనితనం ఉంటే, ఆట మొదలవకముందే పది మార్కులు. ఒక్క బొమ్మ బూడిదరంగులో ఉన్నా పదీ పోతాయి. కొన్ని చోట్లయితే రంగు లేని సైన్యాన్ని గుమ్మంలోంచే పంపేస్తారట.

మావాడు మూడు నెలలు రాత్రిళ్లు కూర్చుని వేశాడు. ముందు వెండిరంగు, ఆరాక దాని మీద నల్న్ ఆయిల్ అని ఒక నల్లటి నీళ్ల రంగు. పేరుకే నూనె. అది సందుల్లోకి దిగి ఎముకలు లేచి కనబడేలా చేస్తుంది. నా చెయ్యి ముగ్గుల చెయ్యి కదా, సన్న గీతలు నేను వేస్తానన్నాను. వద్దన్నాడు. బాగా రంగులేసినవాళ్లకి ఒక బహుమతి ఉంది, అది ఎవరి బొమ్మలకి వాళ్లే వేసుకుంటేనే. తనకది రాదని వాడికి తెలుసు. అయినా వద్దన్నాడు.

ఇంతకీ రూల్స్ కాగితాలు నేనెందుకు అంత శ్రద్ధగా చదివానంటే, మావాడికి నత్తి.

ఈ మాట ఇక్కడ రాయొచ్చా అని వాణ్ణే అడిగాను. "నిజమే కదమ్మా, రాయి" అన్నాడు. చిన్నప్పుడు వస పొయ్యలేదా అని అడగని బంధువు లేరు. పోశాం. వసపిట్ట అవుతాడనుకున్న పిల్లాడు ఆరేళ్లకి మాట మొదట్లోనే ఆగిపోవడం మొదలుపెట్టాడు. ఇక్కడ స్పీచ్ థెరపీకి తీసుకెళ్తే ఆవిడ మాకు ముందు చెప్పింది ఒక్కటే, వాడి మాట మీరు పూర్తి చెయ్యకండి, ఆగండి అని. మావారికి అది అలవాటవడానికి ఏడాది పట్టింది. ముఖాముఖీ ఎలాగో నెట్టుకొస్తాడు గానీ, ఫోనంటే మాత్రం వాడికి ప్రాణం మీదికొచ్చినట్టే. ఎదుటివాళ్లకి మొహం కనబడదు కదా, లైను కట్టయిందనుకుని పెట్టేస్తారు. పిజ్జా కూడా వాడు ఫోన్లో ఆర్డరివ్వడు.

ఈ ఆటలో అంతా నోటితోనే. పాచిక వెయ్యకముందే, ఈ దళం ఆ దళాన్ని కాలుస్తోంది, ఇన్ని పాచికలు వేస్తున్నాను, ఇంత పడితే తగిలినట్టు అని ఎదుటివాడికి పైకి చెప్పాలి. చెప్పకుండా వేస్తే చెల్లదు. మంచి రూలే, లేకపోతే పడ్డదాన్ని బట్టి మాట మార్చేస్తారు. దీనికి తోడు గడియారం. ఇద్దరిలో ఒకరు అడిగినా చదరంగం గడియారం బల్ల మీద పెట్టాల్సిందే. మూడు గంటల్లో చెరి గంటన్నర. టైం అయిపోయినవాడు ఇక కదలకూడదు, కాల్చకూడదు. తన మనుషుల్ని కాపాడుకునే పాచికలు మాత్రం వెయ్యొచ్చు. ఆ రెండు రూల్సూ పక్కపక్కనే చదివేసరికి నాకు కడుపులో తిప్పింది. మాట ఆగినప్పుడు గడియారం ఆగదు కదా.

నిర్వాహకులకి నేను రాస్తానన్నాను. అప్పటికే వాడు రాసేశాడు. ఎక్కువ టైం ఇమ్మని అడగలేదట, కార్డులు చూపిస్తే చెప్పినట్టేనా అని అడిగాడట. ఇండియా నుంచి వచ్చిన పాత శుభలేఖల అట్టలు కత్తిరించి కార్డులు చేసుకున్నాడు. ఒక్కో దళానికి ఒకటి. పైన పేరు, కింద ఎంత నడుస్తుంది, ఎన్ని పాచికలు, ఎంత పడాలి. కార్డు తన దళం పక్కన, నా పూసల డబ్బాలోంచి ఒక ఎర్రపూస ఎదుటి దళం పక్కన. చెప్పడం అయిపోయినట్టే. వారం తర్వాత అందరికీ వచ్చిన కొత్త రూల్స్ కాగితంలో ఒక వాక్యం మారింది. ఏం చేస్తున్నదీ నోటితోగానీ, కార్డుతోగానీ, వేలితో చూపించిగానీ స్పష్టంగా తెలపాలి. అంతే, ఎవరి పేరూ లేదు. నాకా మనిషి మీద ఎంత గౌరవం కలిగిందో చెప్పలేను.

టోర్నమెంటు రోజు మొదటి ఆట ఆ తాతగారితోనే. ఆకుపచ్చ రాక్షసుల సైన్యం ఆయనది. 82–47తో మావాణ్ణి చితక్కొట్టి, తర్వాత పావుగంట కూర్చోబెట్టి ఎక్కడ పొరపాటు చేశాడో చూపించారు. ఓడినవాణ్ణి ఇంటికి పంపరిక్కడ. ఓడినవాళ్లకి ఓడినవాళ్లతో, గెలిచినవాళ్లకి గెలిచినవాళ్లతో తర్వాతి ఆట వేస్తారు. మన తెలుగు సంఘం పిక్నిక్కులో కుర్చీలాటలో మొదటే అవుటై గోడకి ఆనుకుని నిలబడే పిల్లల్ని చూసిన నాకు ఈ పద్ధతి చాలా బాగుంది. కాకపోతే ఇరవై నలుగురికి మూడు ఆటలంటే, ఒక్కటీ ఓడనివాళ్లు ముగ్గురు మిగులుతారు. అందుకని మొత్తం మార్కులు కూడి మొదటి స్థానం తేలుస్తారు.

రెండో ఆటలో ఎదుటివాడు వస్తూనే గడియారం బయటికి తీశాడు. నలభై ఏళ్లుంటాయి, నవ్వు లేని మొహం. నేను పులిహోర డబ్బా మూత పెట్టేశాను. కార్డుల వల్ల ఆట బాగానే నడిచింది గానీ, మధ్యలో అతనొక ప్రశ్న అడిగాడు. దానికి కార్డు లేదు. మావాడి మాట ఆగిపోయింది. అతను వాడి మొహం వంక చూడకుండా, చెయ్యి చాపి గడియారం నొక్కాడు. మావాడి వైపు ఆగి, అతని వైపు నడవడం మొదలైంది. అడిగింది నేను కాబట్టి జవాబు నా టైంలో అన్నాడు, అది పద్ధతేనట. మాట బయటికొచ్చేదాకా ఊరికే నిలబడ్డాడు. చివరికి 74–61తో అతనే గెలిచాడు. నవ్వు మాత్రం అప్పుడూ లేదు.

మూడో ఆట ఒక యూనివర్సిటీ కుర్రాడితో. ఆ ఆట గురించే ఇంట్లో ఇంకా గొడవ. ఆడిన ఆటకి ఆ కుర్రాడికి 66, మావాడికి 60. కానీ అతని సైన్యంలో ఐదు బొమ్మలు బూడిదరంగులో ఉన్నాయి. రెండువేలు నింపడానికి ముందురోజే కొన్నాడట. అతనికి రంగుల పది రాలేదు, మావాడికి వచ్చింది. 70–66. మావాడి మొట్టమొదటి గెలుపు.

కారెక్కగానే "అది గెలుపు కాదమ్మా" అన్నాడు. ఇంటికొచ్చాక మావారు వాడి పక్షమే. ఆటంటే ఆటే, రంగులకి మార్కులేంటి, ఇదేమన్నా డ్రాయింగ్ పోటీయా అని.

నేనొప్పుకోలేదు. మూడు నెలలు రాత్రిళ్లు దీపం కింద మెడ వంచి చేసిన పనికి వందలో పది, అది ఎక్కువా? నన్నడిగితే తక్కువ. మన ఇళ్లలో పండగ భోజనం బాగుందంటారే గానీ, ముందురోజు నానబోసిన పప్పుకి ఎవరు మార్కులేశారు? ఇక్కడ కాగితం మీద రాసి మరీ వేస్తున్నారు. పైగా ఇద్దరికీ రూలు ముందే తెలుసు. ఇలా రెండు రోజులు వాదించుకున్నాం. మావారు ఓడలేదు, నేనూ ఓడలేదు.

ఈ బల్లమీది యుద్ధాలకి మొదటి రూల్స్ పుస్తకాల్లో ఒకటి హెచ్.జి. వెల్స్ 1913లో రాశాడట, సైన్స్ కథలు రాసిన ఆ వెల్సే. ఆట అబ్బాయిల కోసమనీ, అబ్బాయిల ఆటలంటే ఇష్టపడే కాస్త తెలివైన అమ్మాయిలకి కూడాననీ పుస్తకం పేరు కిందే చెప్పుకున్నాడు. ఆ రోజు హాల్లో ఇరవై నలుగురిలో ఆడవాళ్లు ఇద్దరు. వందేళ్లు దాటినా లెక్క పెద్దగా మారలేదన్నమాట. ఆ ఇద్దరిలో ఒకామె బొమ్మలకే రంగుల బహుమతి వచ్చింది. భూతద్దం పెట్టి చూశాను, కళ్లల్లో నల్లగుడ్డు కూడా వేసింది.

మావాడికి మొత్తం మీద పద్దెనిమిదో స్థానం. చివర్లో ఒక్కొక్కరూ తమకి నచ్చిన ప్రత్యర్థి పేరు చీటీ మీద రాసివ్వాలి. వాడికి ఒక ఓటు పడింది. ఎవరు వేశారో చెప్పరు. తాతగారని నేనంటాను. గడియారం మనిషని వాడంటాడు.

నిన్న సాయంత్రం ఆ యూనివర్సిటీ కుర్రాడు మావాడికి మెసేజ్ పెట్టాడు, ఆ నల్లనీళ్ల రంగు ఎలా వేస్తావు, నాకు మరకలు కడుతున్నాయి అని. మావాడు ఆ మెసేజ్ చాలాసేపు చూశాడు. తర్వాత అతనికి ఫోన్ చేశాడు. నేను వంటింట్లో స్టవ్ తగ్గించి, కుక్కర్ కూత పెట్టకుండా ఆపేశాను. బ్రష్ ఎంత తడపాలి, ఎక్కడ ఆపాలి, ఎంతసేపు ఆరనివ్వాలి, అంతా చెప్పాడు. ఇరవై నిమిషాలు పట్టింది.