గోరింట పూల అత్తరు

గోరింటాకు మన ఇళ్ళలో అందరికీ తెలుసు. గోరింట పువ్వును ఎరిగినవారు తక్కువ. పండుగకు రెండు రోజుల ముందే ఆడపిల్లలు కొమ్మలు వంచి ఆకు దూసుకుపోతారు. పూత వచ్చేదాకా ఆ చెట్టును ఉండనిచ్చే ఇల్లు అరుదు. ఉండనిస్తే చిన్న చిన్న తెల్లని పూలు గుత్తులుగా పూస్తాయి. పొద్దు గుంకే వేళకు పెరడంతా ఆ పరిమళమే. ఖమ్మం నుండి పాల్వంచ మీదుగా భద్రాచలం వెళ్ళేటప్పుడు, ఎండలు ముదిరే రోజుల్లో, ఇప్పపూల మత్తైన తీపి వాసన అడవిలో నుండి బస్సులోకి వచ్చి పడుతుంది. గోరింట పూల తీపి అంత తొందరపడదు. దాని అడుగున ఆకు పసరు, ఎండిన మట్టి కలిసినట్టు ఒక నిదానం ఉంటుంది. ఈ పూల నుండి తీసిన అత్తరును 'గుల్-ఎ-హినా' అంటారు. దాని విషయంలో మేము చేసిన ఒక తప్పును పాఠకుల ముందు ఉంచుతున్నాము.

పన్నెండేళ్ళ క్రితం, షవ్వాల్ మాసంలో మదరసా తెరిచిన మొదటి వారం. గోదావరి ఒడ్డు పల్లె నుండి వచ్చి మా వద్ద చదువుకుంటున్న పద్నాలుగేళ్ళ పిల్లవాడు చేతిరుమాలులో చుట్టిన చిన్న సీసా మా ముందు పెట్టి, "హజ్రత్, అమ్మ మీకు పంపింది" అన్నాడు. సగమే ఉన్నది. మూత తీసి వాసన చూశాము. పూల వాసన. "ఇది స్త్రీలు పూసుకునేది, బాబూ. మగవారికి తగదు" అని తరగతి అంతా వినేటట్టు చెప్పి తిరిగి ఇచ్చివేశాము. పిల్లలు నవ్వారు. అతడు సీసాను మళ్ళీ రుమాలులో చుట్టుకుని వెళ్ళిపోయాడు.

ఆ మాట అనడానికి మాకు అజ్ఞానం అనే సాకు కూడా లేదు. ఉత్తర ప్రదేశ్‌లో చదువుకునే రోజుల్లో సహాధ్యాయి ఒకరు మమ్మల్ని తమ ఊరు కనౌజ్ తీసుకువెళ్ళారు. అక్కడ పూలనూ నీటినీ పెద్ద రాగి డేగులలో పోసి, మూతను బంకమట్టితో బిగించి, కింద సన్నని మంట పెడతారు. ఆవిరి వెదురు గొట్టం గుండా నీటి తొట్టిలో ఉంచిన 'భప్కా' అనే రాగి కుండలోకి దిగుతుంది. ఆ కుండలో ముందే పోసి ఉంచిన చందన తైలం పరిమళాన్ని పీల్చుకుంటుంది. గులాబీ, మల్లె, మొగలి, గోరింట, అన్నీ ఇదే దారిన అత్తరులవుతాయి. చందనం ఖరీదైపోయిన తరువాత చాలా చోట్ల దాని స్థానంలో లిక్విడ్ పారాఫిన్ పోస్తున్నారు, అది వేరే బాధ. మంట చూసుకునే ఆ ముసలివారిని ఏ పువ్వు మగవారిది, ఏ పువ్వు ఆడవారిది అని అడిగి ఉంటే మా ముఖం వంక వింతగా చూసి ఉండేవారు. సీసాల మీద 'పురుషులకు', 'స్త్రీలకు' అని రాయడం బజారు నేర్పిన పద్ధతి. (దుకాణంలో 'హినా' అని మాత్రమే అడిగితే మూలికలు, సుగంధ ద్రవ్యాలు కలిపిన చలికాలపు ముదురు అత్తరు ఇవ్వవచ్చు. పూలది కావాలంటే 'గుల్-ఎ-హినా' అని విడమరచి అడగాలి.)

బక్రీదు సెలవులకు పిల్లవాడిని తీసుకువెళ్ళడానికి అతని తల్లి వచ్చింది. తలుపు చాటున నిలబడి మాట్లాడింది.

"హజ్రత్, మీకు ఆ వాసన పడదని తెలియక పంపాను. తప్పుగా అనుకోకండి. అది పిల్లవాడి నాన్నది. జుమాకు వెళ్ళేటప్పుడు ఆయన అదే పూసుకునేవారు. పోయినప్పటి నుండి సీసా ఇంట్లో ఉంటే నాకు పని మీద మనసు నిలవడం లేదు. పారబోయడానికి చేతులు రాలేదు. మీరు పూసుకుంటే ఆయనను దుఆలో తలుచుకుంటారని పంపాను."

ఫిర్యాదు చేసి ఉంటే ఏదో ఒక సమాధానం చెప్పి ఉండేవారము. ఆమె మమ్మల్ని క్షమాపణ అడిగింది.

ఆ రాత్రి ఇషా తరువాత 'మిష్కాతుల్ మసాబీహ్' తెరిచాము. ఏటేటా మేము పాఠం చెప్పే గ్రంథమే. పురుషుల సుగంధం వాసన తెలిసి రంగు కనబడనిదనీ, స్త్రీలది రంగు కనబడి వాసన తెలియనిదనీ దైవప్రవక్త (స) సెలవిచ్చినట్టు తిర్మిజీ ఉల్లేఖించారు. స్త్రీలకు చెప్పినది వారు ఇల్లు దాటి వెళ్ళే సందర్భానికి వర్తిస్తుందనీ, ఇంట్లో భర్త వద్ద ఉన్నప్పుడు ఏ సుగంధమైనా పూసుకోవచ్చుననీ విద్వాంసులు వివరించారు. పురుషులకు కుంకుమపువ్వు పూతను వారించిన హదీసు కూడా ఉన్నది; అది ఒంటి మీద రంగు నిలిపే పూత. ఆ పుటలలో ఎక్కడా పూలను ఆడ, మగ అని పంచలేదు. ఇహ్రాముకు ముందు దైవప్రవక్త (స)కు హజ్రత్ ఆయిషా (ర) తమ చేతులతోనే ఉన్నంతలో మేలైన సుగంధం పూసేవారని బుఖారీ, ముస్లిం రెండింటా ఉన్నది. ఇంకా, సుగంధం ఎవరైనా ఇస్తే ఆయన (స) కాదనేవారు కాదని హజ్రత్ అనస్ (ర) చెప్పారు. సువాసన గల మొక్కను ఇస్తే వద్దనవద్దనీ, అది మోయడానికి తేలిక, వాసనకు హాయి అనీ ముస్లిం గ్రంథంలో ఉన్నది. ఆ తేలికైన దానినే మేము పదిమంది ముందు తిప్పి పంపాము.

గోరింట చెట్టును తలుచుకుంటే మాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. రంగు కనబడే ఆకు, రంగు కనబడని పరిమళం, రెండూ ఒకే కొమ్మకు ఉన్నాయి.

ఈ అత్తరు ఎవరికి నప్పుతుందని మమ్మల్ని అడిగేవారున్నారు. ఊద్ పూసుకున్నవారు గదిలోకి రాకముందే వాసన వచ్చి కూర్చుంటుంది. వారు వెళ్ళినా అది లేవదు. అదీ మంచిదే, పదిమందిని నడిపేవారికి నప్పుతుంది. గుల్-ఎ-హినా ముఆనకా చేసుకునేంత దగ్గరకు వచ్చినవారికే తెలుస్తుంది. తక్కువ మాట్లాడేవారికి, వెనుక వరుసలో కూర్చునేవారికి, ఇంట్లో గొంతు పెంచనివారికి అది ఒదుగుతుంది, స్త్రీ అయినా పురుషుడైనా. ఆ పిల్లవాడి తండ్రిని మేము చూడలేదు. అటువంటి మనిషే అయి ఉంటారని అనిపిస్తుంది.

సెలవులు ముగిసి పిల్లలు వచ్చిన రోజున అదే తరగతిలో, అదే పిల్లల ముందు, ఆనాడు మేము అన్నది తప్పని చెప్పి, సీసా తెమ్మని అడిగాము. పెట్టె అడుగు నుండి తీసి తెచ్చాడు. రుమాలు మారలేదు. అది మొదలు ప్రతి జుమాకు అతడు మా ముంజేతి మీద ఒక చుక్క, తన చేతి మీద ఒక చుక్క రాసేవాడు. దాదాపు రెండేళ్ళు వచ్చింది. ఖాళీ అయిన సీసాను తల్లికి ఇస్తానని తీసుకువెళ్ళాడు.

మదరసా ప్రహరీ పొడుగునా ఇప్పుడు గోరింట కంచె ఉన్నది. కత్తిరిస్తూ ఉంటే అది పూయదు. వీధి వైపున కత్తిరించుకోమనీ, పిల్లలు పడుకునే గదుల వైపున పూత రాలేదాకా కత్తెర పెట్టవద్దనీ తోటమాలికి చెప్పి ఉంచాము.