రెండు పేర్లు, మూడు గొంతులు

ఇంటికి రంగులు వేయిస్తుంటే అటక మీది అట్టపెట్టెలో పాత సీడీ ఒకటి దొరికింది. పైన నా చేతిరాతే, ‘సాల్ట్ ఎన్ పెపా, 1988’ అని. దాన్ని వినే యంత్రం ఇప్పుడు ఇంట్లో లేదు. ఫోన్లో వెతుక్కుని విన్నాను.

2004లో మాదాపూర్‌లోని ఒక కాల్ సెంటర్‌లో చేరాను. అప్పటికి గోపన్‌పల్లి ఇంకా ఊరే. సెంట్రల్ యూనివర్సిటీ గోడ పక్కన బండరాళ్లు, పొలాలు, తండా. నేనూ నా స్నేహితురాలూ అక్కడ ఒక గది అద్దెకు తీసుకున్నాం. సాయంత్రం వెళ్లి తెల్లారుజామున నాలుక్కి క్యాబ్ దిగే ఆడపిల్లల గురించి వీధిలో ఏమనుకునేవాళ్లో నేను చెప్పక్కర్లేదు. ఇంటి ఓనరు భార్య మాత్రం ఒక్కరోజూ ఏమీ అనలేదు. ఆమెను అత్తమ్మా అని పిలిచేవాళ్లం. రోజూ లేచి గేటు తీసేది. “తిన్నరా బిడ్డా?” అని అడిగి, మళ్లీ పడుకోకుండా పొలానికి వెళ్లిపోయేది.

ఆఫీసులో నా పేరు నాన్సీ. అవతలివాడు ఎంత బూతు తిట్టినా, తెర మీద ఉన్న వాక్యమే చదవాలి, అదీ నవ్వుతూ. ఆ వాక్యాలు రాసింది మా టీమ్ లీడర్. ఎదురు మాట్లాడితే మార్కులు పోతాయి. అలాంటి రోజుల్లో యాస నేర్పడానికి వచ్చినామె ఈ పాటలు ఇచ్చింది. షిఫ్ట్ అయ్యాక క్యాబ్‌లో చెరో ఇయర్‌ఫోన్ పెట్టుకుని వినేవాళ్లం.

షెరిల్ జేమ్స్, శాండ్రా డెంటన్ న్యూయార్క్‌లోని క్వీన్స్ ప్రాంతంలో నర్సింగ్ చదువుతూ సియర్స్ కంపెనీలో ఫోన్ల దగ్గర పనిచేసిన అమ్మాయిలు. అది తెలిసినప్పుడు మా ఇద్దరికీ ఎంత సంతోషమైందో! 1985లో వాళ్లు చేసిన మొదటి పాటే ఇద్దరు మగ రాపర్ల పాటకు జవాబు. మనకు వియ్యపురాళ్ల పాటలున్నట్టు, అక్కడ మాటకు మాట అప్పజెప్పే పాటలు. 1986లో మొదటి ఆల్బమ్, 1988లో రెండోది వచ్చాయి. మారణాయుధంతో దాడి అన్న పోలీసు భాషను తిప్పి దీనికి తమ పేర్లతో పేరు పెట్టుకున్నారు. అందులో ఐస్లీ బ్రదర్స్ పాత పాట ఆధారంగా చేసినదొకటి ఉంది. నా ఒళ్లు, నా ఆట, నీకేంటి అన్నట్టుంటుంది. నాన్సీలిద్దరికీ అది చాలు.

ఇప్పుడు వింటే ఆల్బమ్ అంత గొప్పగా లేదు. పాత హిట్ల మీద బాగా ఆనుకున్నారు. ఆ గొంతుల్లో తెగువ మాత్రం అలాగే ఉంది.

మరి ఆ తెగువకు మాటలెవరివి? చాలావరకు వాళ్ల నిర్మాత హర్బీ అజోర్ రాసినవే. సియర్స్‌లో వాళ్లతో పనిచేసినవాడే, షెరిల్‌తో ప్రేమలో ఉన్నవాడే. ఆడవాళ్ల స్వేచ్ఛ కూడా మగవాడు రాసిస్తే చదివిందేనా? ఇది చదివిన రోజు నా స్నేహితురాలికి ఫోన్ చేశాను. “మనకూ అదే కదే, టీమ్ లీడర్ రాసిందే కదా చదివాం” అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. మా నాయనమ్మ నాట్లలో పాడిన పాటలు ఎవరు కట్టారో ఎవరికీ తెలియదు. పాడినవాళ్లవే అవి. కానీ ఆ పాటల మీద ఎవరికీ డబ్బు రాలేదు. వీటి మీద వచ్చింది. షెరిల్ తానే రాసి, తానే నిర్మించిన ‘ఎక్స్‌ప్రెషన్’ 1990 నాటి మూడో ఆల్బమ్‌లో గానీ రాలేదు.

పేరులో ఇద్దరే. రికార్డులు తిప్పే మూడో మనిషి డైడ్రా రోపర్, స్పిండరెల్లా. ఈ ఆల్బమ్‌లో ఆమె మీద ఒక పాటుంది. ఆమె మగాడు కాదు, ఆడ డీజే అని దాని పేరే చెబుతుంది. అలా చాటిన తోటివాళ్ల మీదే ఆమె 2019లో రాయల్టీల కోసం కోర్టుకెక్కింది. 2025లో షెరిల్, శాండ్రా తమ మాస్టర్ రికార్డింగుల హక్కు కోసం యూనివర్సల్ మీద కోర్టుకెక్కారు. కంపెనీతో వాళ్ల తగవుకు చప్పట్లు కొడదామనుకుంటే స్పిండరెల్లా అడ్డొస్తుంది నాకు.

అత్తమ్మ కూడా అడ్డొస్తుంది. ఆమె నాట్లు వేసిన చెలక పక్క పొలం 2006లో అమ్ముడుపోయింది. పట్టాలో మామ పేరు, ఆయన తమ్ముడి పేరు. రెండే. సంతకాలు అయ్యాకే ఆమెకు తెలిసింది. ఆ పొలం మీద కట్టిన అపార్ట్‌మెంట్‌లోనే, పదేళ్ల తర్వాత, నేను ఫ్లాట్ కొన్నాను. కాగితాలన్నీ లాయర్‌కి చూపించాను, అన్నీ సరిగ్గా ఉన్నాయన్నాడు. అత్తమ్మను అడగాలని నాకు తోచలేదు.

మొన్న వాళ్లింటికి వెళ్లి ఆ పాట వినిపించాను. కాసేపు విని, “గట్టిగనే కొట్లాడుతున్నరు” అంది. నేనుండే బ్లాకు పేరు చెబితే, “ఆడ మా బాయి ఉండె” అంది. తర్వాత, తిన్నవా బిడ్డా అని అడిగింది.