ఇటుక పొడిపై అంచనాల జాతర

ర్యాంకులు ఒకటి చెబితే రోలాండ్ గారోస్ ఎర్రమట్టి మరొకటి చెబుతుంది. పారిస్‌లో ఏటా రెండు వారాలు సాగే ఈ జోస్యాల పండగలో మనవాళ్ల వాటా మాత్రం ఎవరూ లెక్కలు వేయని చోట దక్కింది

పారిస్ మెట్రో పదో నంబరు లైన్‌లో పోర్ట్ దొతోయ్ స్టేషన్‌లో దిగితే దారి అడగాల్సిన పనిలేదు. మే నెలాఖరులో అక్కడ రైలు దిగినవాళ్లంతా ఒకే దిక్కుగా నడుస్తుంటారు. తలమీద పనామా టోపీ, చేతిలో క్రీడాపత్రిక లేదా ఫోన్, నోట్లో ఒకటే ప్రశ్న: ఈసారి ఎవరు? చెట్ల నీడలో పది నిమిషాలు నడిచి స్టేడియం గేటు చేరేసరికి పక్కన నడుస్తున్న అపరిచితులు కూడా వాదనలోకి దిగిపోతారు. ఫలానా ఆటగాడి మోకాలి సంగతేమిటి, ఫలానా అమ్మాయికి డ్రాలో ఎవరు తగిలారు, ఇవాళ వాన పడుతుందా. క్రికెట్ టెస్టుకు ముందు హైదరాబాద్ ఇరానీ హోటళ్లలో నడిచే చర్చకూ దీనికీ తేడా భాషలోనే.

ఫ్రెంచ్ ఓపెన్ జరిగే రోలాండ్ గారోస్ పారిస్ పశ్చిమ అంచున, బువా ద బులోన్య అడవిని ఆనుకుని ఉంటుంది. ఆ పేరు గల వ్యక్తి టెన్నిస్ చాంపియనేమీ కాదు. 1913లో మధ్యధరా సముద్రాన్ని ఎక్కడా ఆగకుండా విమానంలో దాటిన తొలి పైలట్. మొదటి ప్రపంచయుద్ధం ముగియడానికి కొద్ది వారాల ముందు, 1918 అక్టోబర్‌లో కూలిపోయాడు. 1927లో అమెరికాను ఓడించి డేవిస్ కప్ తెచ్చిన లకోస్త్, కోషే, బొరొత్రా, బ్రూన్యోన్‌లు ఆ కప్పును స్వదేశంలో కాపాడుకోవడానికి 1928లో ఈ స్టేడియం కట్టారు. దానికి గారోస్ పేరు పెట్టారు. ఆ నలుగురినీ ఫ్రెంచివాళ్లు మస్కటీర్లంటారు. పురుషుల సింగిల్స్ ట్రోఫీకి వాళ్ల పేరే.

ఈ స్థలానికి చేదు చరిత్ర కూడా ఉంది. 1939లో యుద్ధం మొదలుకాగానే ఫ్రెంచి ప్రభుత్వం అనుమానాస్పదులుగా భావించిన విదేశీయులను ఇక్కడే నిర్బంధించింది. రచయిత ఆర్థర్ కోస్లర్ వారిలో ఒకరు. 1968 మేలో దేశమంతా సమ్మెలతో స్తంభించినప్పుడు మాత్రం దీనికి మరో రకమైన కళ వచ్చింది. పెట్రోలు లేక, రైళ్లు నడవక జనం కాలినడకన, సైకిళ్ల మీద వచ్చి గ్యాలరీలు నింపారు. ప్రొఫెషనల్స్‌ను అనుమతించిన తొలి గ్రాండ్‌స్లామ్ అదే. కెన్ రోజ్‌వాల్ గెలిచాడు.

రెండు మిల్లీమీటర్ల మహిమ

అభిమానుల వాదన అంతా తిరిగేది నేల చుట్టూనే. చూడటానికి మొత్తం ఎర్రమట్టిలా కనిపిస్తుంది గానీ పైన ఉండేది ఇటుకల పొడి, అదీ ఒకటి రెండు మిల్లీమీటర్ల మందమే. దాని కింద తెల్లటి సున్నపురాయి పొర, ఆ కింద బొగ్గు చిట్టెం, కంకర, రాళ్లు. అంటే పారిస్ ఎరుపు పైపూతే, లోపలంతా తెలుపు. నీళ్లు చల్లుతూ, సెట్ సెట్‌కూ వల ఈడుస్తూ సిబ్బంది ఆ పూతను కాపాడుతుంటారు.

ఆ పూతే ఆటను మార్చేస్తుంది. బంతి నేల తాకగానే వేగం తగ్గి పైకి లేస్తుంది. గడ్డి మీద పాయింటు తెచ్చే సర్వీసు ఇక్కడ వెనక్కి వచ్చేస్తుంది. ఒక పాయింటు గెలవాలంటే మూడుసార్లు గెలవాలి. ఎండ కాస్తే నేల ఎండి బంతి చురుగ్గా ఎగురుతుంది, టాప్‌స్పిన్ కొట్టేవాడికి పండగ. మబ్బు పట్టి తేమ చేరితే బంతి బరువెక్కి చచ్చినట్టు పడుతుంది. అందుకే ఇక్కడి అభిమాని ర్యాంకుల జాబితా కంటే ముందు వాతావరణ సూచన చూస్తాడు. ఎర్ర పొడిలో బంతి మచ్చ మిగులుతుంది కాబట్టి అంపైర్ కుర్చీ దిగి వేలితో చూపించి తీర్పు చెప్పడం ఇక్కడి ఆచారం. మిగతా మూడు గ్రాండ్‌స్లామ్‌లు లైన్ తీర్పులు యంత్రాలకు అప్పగించినా, 2025లో కూడా రోలాండ్ గారోస్‌లో లైన్లు చూసింది మనుషులే.

తలకిందులైన లెక్కలు

అంచనా వేయడానికి ఇన్ని ఆధారాలున్నా అంచనాలు అంత ఘోరంగా తప్పే చోటు మరొకటి లేదేమో. పద్నాలుగు గ్రాండ్‌స్లామ్ టైటిళ్లు గెలిచిన పీట్ సంప్రాస్ ఇక్కడ ఒక్కసారి, అదీ 1996లో, సెమీఫైనల్ దాకా వచ్చాడు. 1989లో పదిహేడేళ్ల మైకేల్ చాంగ్, కాళ్లు పట్టేస్తున్నా నంబర్‌వన్ ఇవాన్ లెండిల్‌కు కిందినుంచి సర్వీసు వేసి మరీ ఓడించి, చివరికి టైటిల్ పట్టుకుపోయాడు. 1997లో 66వ ర్యాంకు బ్రెజిల్ కుర్రాడు గుస్తావో కుయెర్టన్ చాంపియనయ్యాడు.

మహిళల విభాగంలో కథ ఇంకా వింత. 2001 ఫైనల్లో కిమ్ క్లిస్టర్స్, జెన్నిఫర్ కాప్రియాతీల చివరి సెట్ 12-10 దాకా సాగింది. కప్పు కాప్రియాతీకి పోయింది. నేడు కాకపోతే రేపు క్లిస్టర్స్‌దేనని చాలామంది అనుకున్నారు. 2003 ఫైనల్లో ఆమెను సాటి బెల్జియన్ జస్టిన్ ఎనిన్ 6-0, 6-4తో చిత్తుచేసింది. తర్వాత యు.ఎస్. ఓపెన్ మూడుసార్లు, ఆస్ట్రేలియన్ ఓపెన్ ఒకసారి గెలిచిన క్లిస్టర్స్‌కు పారిస్ మట్టి మాత్రం దక్కనే లేదు. మరోపక్క 2017లో ఒస్తాపెంకో, 2020లో స్వియాతెక్, 2021లో క్రెచికోవా సీడింగే లేకుండా వచ్చి కప్పు ఎత్తుకెళ్లారు. 2025లో 361వ ర్యాంకు ఫ్రెంచి అమ్మాయి లోయిస్ బొయిసన్ వైల్డ్‌కార్డుతో అడుగుపెట్టి సెమీఫైనల్ చేరింది.

ఈ అనిశ్చితికి ఒకే ఒక్క మినహాయింపు రఫాయెల్ నాదల్. 2005 నుంచి 2022 వరకు పద్నాలుగు టైటిళ్లు, మొత్తం 112 విజయాలు, నాలుగే ఓటములు. అతను ఆడిన కాలంలో అభిమానుల చర్చ కూడా మారింది. ఎవరు గెలుస్తారని కాదు, ఫైనల్లో అతని ఎదుట ఎవరుంటారని. అయితే మట్టి అతన్నీ వదల్లేదు. 2009లో రాబిన్ సోదర్లింగ్‌తో నాలుగో రౌండ్ ముందు వాదించడానికి ఏమీ లేదనుకున్నారు. అప్పటికి నాదల్ ఇక్కడ ఆడిన 31 మ్యాచ్‌లూ గెలిచాడు. కొద్ది వారాల ముందే రోమ్‌లో అదే సోదర్లింగ్‌ను 6-1, 6-0తో ఓడించాడు. మే 31న సోదర్లింగ్ నాలుగు సెట్లలో పని ముగించాడు. ఆ దారిన కప్పు రోజర్ ఫెడరర్‌కు అందింది.

2020లో దీనికి ఉల్టా. కరోనా వల్ల టోర్నీ శరదృతువుకు జరిగింది. చలి, బరువైన బంతులు, కొత్తగా వేసిన పైకప్పు, అన్నీ నొవాక్ జకోవిచ్‌కే అనుకూలమని పండితులు తేల్చారు. ఫైనల్లో నాదల్ 6-0, 6-2, 7-5తో గెలిచాడు. ఇప్పుడు స్టేడియంలో నాదల్ ఉక్కు విగ్రహం ఉంది. 2025 మేలో జరిగిన వీడ్కోలు సభలో సెంటర్ కోర్టు పక్కన అతని పాదముద్ర కూడా అమర్చారు. ఆ ఏడాదే, అతను లేని ఫైనల్లో, మూడు చాంపియన్‌షిప్ పాయింట్లు చేతిలో ఉన్న యానిక్ సినర్‌ను కార్లోస్ అల్కరాజ్ 5 గంటల 29 నిమిషాల్లో ఓడించాడు. టోర్నీ చరిత్రలో అంతకంటే పొడవైన ఫైనల్ లేదు. నాలుగో సెట్లో సినర్ 5-3తో ఆధిక్యంలో ఉన్నప్పుడు టీవీ కట్టేసినవాళ్లు ఎందరో.

పట్టించుకోని పక్క కోర్టు

భారతీయ అభిమానికి ఈ చర్చల్లో ఒక ఇబ్బంది ఉంది. వాదించడానికి సొంత ఆటగాడు దొరకడు. ఫ్రెంచ్ ఓపెన్ సింగిల్స్‌ను ఏ భారతీయుడూ గెలవలేదు. 1979లో రమేశ్ కృష్ణన్ గెలిచింది జూనియర్ టైటిల్. మనవాళ్ల పాత పేరంతా గడ్డి మీద, నాజూకు స్పర్శతో ఆడే ఆటకు వచ్చింది. గంటలకొద్దీ బేస్‌లైన్ వెనక నిలబడి బంతిని తిప్పికొట్టే ఓపిక, అందుకు కావలసిన కండబలం యూరప్, దక్షిణ అమెరికా పిల్లలకు చిన్నప్పటి నుంచీ అలవాటు.

కానీ అదే మట్టిలో భారత టెన్నిస్ భాగ్యరేఖ మారింది. కుయెర్టన్ ప్రపంచాన్ని ఆశ్చర్యపరిచిన ఆ 1997 పక్షం రోజుల్లోనే, పెద్దగా ఎవరూ కన్నెత్తి చూడని మిక్స్‌డ్ డబుల్స్‌లో జపాన్ అమ్మాయి రికా హిరాకీతో కలిసి మహేశ్ భూపతి కప్పు గెలిచాడు. గ్రాండ్‌స్లామ్ టైటిల్ సాధించిన తొలి భారతీయుడతనే. చెన్నైలో పుట్టిన ఈ తెలుగింటి కుర్రాడు 1999లోనూ 2001లోనూ లియాండర్ పేస్‌తో కలిసి ఇక్కడే పురుషుల డబుల్స్ గెలిచాడు. డబుల్స్‌లో లెక్కలు వేరు. కాపలా కాయాల్సిన నేల సగమే. ఓపికకన్నా నెట్ దగ్గర చేతివేగం, జోడీ మధ్య అవగాహన ముఖ్యం. మనకు చేతనైన విద్య అక్కడ పనికొచ్చింది.

హైదరాబాద్ ఆశలన్నీ మోసిన సానియా మీర్జాకూ ఇదే జరిగింది. 2005లో హైదరాబాద్ ఓపెన్ గెలిచి నగరాన్ని ఊపేసిన ఆ అమ్మాయి పారిస్ సింగిల్స్‌లో రెండో రౌండ్ దాటలేదు. డబుల్స్‌లో మాత్రం 2011లో ఎలెనా వెస్నినాతో ఫైనల్ చేరి ఓడింది. మరుసటి ఏడాది జూన్ 7న, భూపతి 38వ పుట్టినరోజున, అతనితో కలిసి మిక్స్‌డ్ ఫైనల్ ఆడింది. తొలి సెట్ టైబ్రేక్ దాకా పాకింది. రెండోది 6-1. గెలిచిన ఇద్దరూ భారతీయులే, ఇద్దరూ తెలుగునేలతో బంధమున్నవాళ్లే. నిజాం క్లబ్‌లో ఆరేళ్ల వయసులో రాకెట్ పట్టిన అమ్మాయికి పారిస్‌లో దక్కిన ఏకైక టైటిల్ అది. 2016లో మరోసారి మిక్స్‌డ్ ఫైనల్ చేరినా, హింగిస్‌తో జట్టుకట్టిన పేస్ చేతిలోనే 10-8 సూపర్ టైబ్రేక్‌లో ఓడింది. 1997 నుంచి 2017లో రోహన్ బోపన్న మిక్స్‌డ్ టైటిల్ దాకా లెక్కేస్తే, ఇక్కడ భారతీయుల చేయి పడిన కప్పులు ఏడు. ఏడూ డబుల్సే.

సాయంత్రం ఆరున్నరకు

ఈ టోర్నీకి భారతీయ ఇంట్లో ఒక సౌకర్యముంది. ఆస్ట్రేలియన్ ఓపెన్ కోసం తెల్లవారకముందే లేవాలి, యు.ఎస్. ఓపెన్ కోసం రాత్రంతా మేలుకోవాలి. పారిస్‌లో ఉదయం పదకొండుకు మొదలయ్యే ఆట మనకు మధ్యాహ్నం రెండున్నర. మూడింటి ఫైనల్ మనకు ఆదివారం సాయంత్రం ఆరున్నర. వేసవి సెలవుల చివరి రోజులు, ఇంట్లో మామిడిపండ్లు, బయట ఇంకా తగ్గని వేడి. తాతకు ఫెడరర్, మనవడికి అల్కరాజ్, ఎవరి వాదన వారిది. 2021 నుంచి వచ్చిన రాత్రి మ్యాచ్‌లు మాత్రం మనకు అర్ధరాత్రి మొదలవుతాయి.

స్టేడియానికి స్వయంగా వెళ్లేవారికి అనుభవజ్ఞులు చెప్పే సలహా ఒకటుంది. మొదటి వారం వెళ్లడం మంచిది. పదిహేను వేల మంది పట్టే ఫిలిప్ షాత్రియే కోర్టు టికెట్ దొరక్కపోయినా నష్టం లేదు. ఓతోయ్ ఉద్యానవనంలో గాజు పూలఇళ్ల మధ్య 2019లో తెరిచిన సిమోన్ మాత్యూ కోర్టు చూసి తీరాల్సిందే. చిన్న కోర్టుల దగ్గరైతే ఆటగాడి ఊపిరి కూడా వినిపిస్తుంది. డబుల్స్ ఎక్కువగా ఆడేది అక్కడే. టికెట్టుకు వేరే ఖర్చు లేదు, కుర్చీకి పోటీ తక్కువ.

సాయంత్రం మస్కటీర్ల తోటలో పెద్ద తెర ముందు గడ్డిమీద కూర్చుని అభిమానులు రేపటి మ్యాచ్‌ల జాబితా విప్పుతారు. ఉదయం చెప్పిన జోస్యం ఎంత తప్పిందో ఎవరూ గుర్తుచేయరు. బూట్లకంటిన ఎర్రపొడి దులుపుకుంటూ కొత్త జోస్యం మొదలుపెడతారు. సింగిల్స్ జోస్యమే మరి. డబుల్స్ గురించి ఇప్పటికీ ఎవరూ అడగరు.