రాధ గొంతు

వేంకటేశ సుప్రభాతం ఎన్నిసార్లు విని ఉంటానో లెక్కలేదు. చిన్నప్పుడు అది మా ఊరి రామాలయం మైకులోంచి, తెల్లవారుజాము చలిలో వణుక్కుంటూ వచ్చేది. తర్వాత క్యాసెట్లో, సీడీలో, ఫోన్లో. ఎం.ఎస్. సుబ్బులక్ష్మితో పాటు కూతురు రాధా విశ్వనాథన్ కూడా పాడిందని చదివి తెలుసు. చదివి తెలియడం వేరు. ఇన్నేళ్లూ నా చెవిన పడింది ఒక్క గొంతే. 1963లో హెచ్‌ఎంవీ తెచ్చిన ఆ రికార్డును, మూడేళ్ల కిందట మా ఇంటికొచ్చిన లిన్ సాండెక్ మీద పెట్టినప్పుడు రెండో మనిషి వినపడింది. తల్లి గొంతును ఆనుకుని, కాస్త సన్నగా, పదం విరిగే చోట మాత్రం విడిగా తెలుస్తూ.

లిన్ సాండెక్ ఎల్‌పీ12 స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో పుట్టిన టర్న్‌టేబుల్. ఐవర్ టీఫెన్‌బ్రన్ 1970ల మొదట్లో దాన్ని మార్కెట్లోకి తెచ్చాడు. మంచి పాట కావాలంటే మంచి స్పీకర్లు కొనమని చెప్పే రోజులవి. ఆయన దానికి ఎదురు తిరిగాడు. ప్లేటు మీంచి ముల్లు తీయలేకపోయినదాన్ని ఆంప్లిఫయర్ తేలేదు, స్పీకరు అసలే తేలేదు, ముందు టర్న్‌టేబుల్ సంగతి చూడండి అన్నాడు. నూతిలో లేని నీళ్లు చేదలోకి ఎక్కణ్ణుంచి వస్తాయి? మన పెద్దవాళ్లకైతే ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

ఈ యంత్రం చేసే పని వింటే ఇంతేనా అనిపిస్తుంది. ప్లేటును నిమిషానికి 33⅓ చుట్లు తిప్పాలి, తిప్పుతూ తాను చప్పుడు చెయ్యకూడదు. అదెంత కష్టమో గాడి సంగతి తెలిస్తే అర్థమవుతుంది. వైపుకు ఒకటే గాడి, వెంట్రుక మందాన, అంచు నుంచి లోపలికి చుట్టుకుంటూ పోతుంది. 20 నిమిషాల పాటలో ముల్లు నడిచే దూరం 400 మీటర్ల పైమాటే. ఆ గాడి గోడల్లోని వంకరలే పాట. పెద్ద గొంతువి పెద్ద వంకరలు. పక్కన అణిగి పాడే గొంతువీ తంబురా మీటువీ కంటికి ఆనని మెలికలు. మోటారు అదురు, ఇరుసు గరగర కూడా ఇంచుమించు ఆ కొలతలోనే ఉంటాయి. వాటిని అణచలేని యంత్రం మీద ముందుగా మునిగిపోయేది పక్క గొంతే.

అందుకని లిన్‌లో మోటారును ఓ మూలకు నెట్టి, మధ్యలో రబ్బరు బెల్టు వేశారు. పళ్లెం జింకు మిశ్రమలోహం, దాదాపు 4 కిలోలు. దాని ఇరుసు నూనెలో ఒక్క మొన మీద నిలబడి తిరుగుతుంది. పళ్లెమూ ముల్లున్న చేయీ కలిసి మూడు స్ప్రింగుల మీద తేలుతుంటాయి. బిగించడానికి వచ్చిన కుర్రాడు ఆ స్ప్రింగుల దగ్గరే రెండు గంటలు కూర్చున్నాడు. వేలితో నొక్కి వదిలితే పళ్లెం పక్కకు ఊగకుండా నిట్టనిలువుగా లేచి పడాలి. నట్టు ఓ పిసరు తిప్పడం, నొక్కి చూడడం, మళ్లీ తిప్పడం. మృదంగం శ్రుతి చేసేవాళ్లు చిన్న రాయి పట్టుకుని అంచు చుట్టూ తట్టి తట్టి వింటారే, అదే ఓపిక. ఆ అబ్బాయికి కాఫీ ఇచ్చినా చల్లారిపోయేదాకా ముట్టలేదు.

శ్రుతి అన్నాను కాబట్టి కరెంటు సంగతీ చెప్పాలి. పాత టర్న్‌టేబుళ్ల మోటార్లు చాలావరకు కరెంటు ఫ్రీక్వెన్సీని పట్టుకుని తిరిగేవి. లెక్క ప్రకారం అది 50 హెర్ట్జ్. ఒకప్పుడు దక్షిణాది గ్రిడ్ మీద లోడు పెరిగితే అది కిందికి జారేది. 49కి దిగిందంటే పాట 2 శాతం నెమ్మదిస్తుంది, శ్రుతీ దిగుతుంది. ఒక స్వరస్థానానికీ పక్కదానికీ ఉన్న దూరంలో అది దాదాపు మూడో వంతు. పాట మధ్యలో అలా జారి మళ్లీ ఎక్కితే తంబురా అలవాటున్న చెవి ఓర్చుకోలేదు. నా యంత్రానికి లింగో అనే సప్లై పెట్టె ఉంది. గోడలోంచి వచ్చే కరెంటు ఎలా ఉన్నా, మోటారుకు కావలసిన అలను తానే కొలిచి తయారుచేసి ఇస్తుంది. నేను పెట్టిన డబ్బంతట్లో దానికి పెట్టినదే అన్నిటికన్నా సార్థకమని నా నమ్మకం.

డబ్బు తక్కువేం కాదు, చిన్న కారు వచ్చేది. పైగా నాది ఒకరు వాడిన యంత్రం, 1980ల నాటిది. అయినా నిశ్చింతగా కొన్నాను. 1970ల నాటి లిన్‌కి కూడా ఇవాళ తయారయ్యే ఇరుసూ చేయీ సప్లై బిగించుకోవచ్చు. పాతదాన్ని పారేయించకుండా బతికించే ఈ పద్ధతి అంటే నాకు గొప్ప గౌరవం.

సుప్రభాతం ప్లేటు పాత సామాన్లమ్మే జుమ్మేరాత్ బజార్‌లో దొరికింది, దుమ్ముకొట్టుకుపోయి. ‘అరిగిపోయిన రికార్డు’ అని మనం విసుగ్గా అంటుంటాం గానీ, అరుగుదల గాడి గోడంతా ఒకేలా ఉండదు. కోసుగా చెక్కిన వజ్రపు ముల్లు పాత ముళ్లు తాకని చోటును తాకుతుంది. కడిగి, ఆరబెట్టి, ముల్లు దించితే అక్కడ పాట చెక్కుచెదరకుండా ఉంది. ఘంటసాల భగవద్గీతా అంతే. శ్లోకం ముగించి తాత్పర్యం అందుకునే ముందు ఆయన తీసుకునే ఊపిరి కోసమే ఆ ప్లేటు మళ్లీ మళ్లీ పెడుతుంటాను.

పోయిన సంక్రాంతికి అమ్మ వచ్చింది. ఏమీ చెప్పకుండా సుప్రభాతం పెట్టాను. కళ్లు మూసుకుని తనూ పెదాలు కదుపుతోంది. కాసేపటికి ఆగి, “ఒరేయ్, ఆవిడతో ఇంకెవరో పాడుతున్నారేంట్రా?” అంది.

“కూతురమ్మా. రాధ.”

“కూతురా! ఇన్నాళ్లూ చెప్పలేదేం?” అని కుర్చీ ముందుకు జరుపుకుంది. “మళ్లీ మొదట్నుంచి పెట్టు.”

చేయి ఎత్తి, ముల్లును అంచుకు తెచ్చాను.